నస్పూర్‌లో మంచు తోసిన రైలు

మా నస్పూర్‌లో మంచు తోసే రైలు చేసిన మనిషిని నేనొక్కడినే. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంకెవరికీ ఆ అవసరం రాలేదు, అంతే. ఎండాకాలంలో మా క్వార్టర్ల మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. చలికాలం నాలుగు రోజులు మంకీ టోపీలు పెట్టుకుని, ఆదిలాబాద్‌లో ఇంకా ఎక్కువుందట అని చెప్పుకుంటూ చాయ్ తాగుతాం. తెల్లారి పొలాల మీద పొగలా కమ్మే మంచు మాకు తెలుసు. పైనుంచి తెల్లగా రాలి, కుప్పలు పడి, రైళ్లను ఆపేసే మంచు మాత్రం టీవీలో చూడాల్సిందే.

మరి నాకెందుకీ పిచ్చి అంటే, దానికి కారణం బొగ్గుబాయి. నేను హాలేజీ ఆపరేటర్ని. బాయి లోపల బొగ్గు నింపిన టబ్బులను లావుపాటి ఇనుప తాడుతో పట్టాల మీద గుంజే యంత్రం అది. ఆ పట్టాలు మామూలు రైలు పట్టాల్లో సగం వెడల్పు కూడా ఉండవు. ఇరవై ఏళ్లు దాన్ని నడిపాను. తర్వాత మా బాయిలో టబ్బులు తీసేసి బెల్టు వేశారు. నన్ను తెచ్చి బెల్టు పక్కన నిలబెట్టారు. బెల్టు మంచిదే, పని తేలిక, ప్రమాదం తక్కువ. కానీ దానికి చప్పుడు ఒక్కటే, పొద్దంతా ఒకటే గుయ్యిమని. టబ్బు పోతుంటే పట్టా అతుకు అతుకుకీ ఒక దరువు ఉండేది. అది వినబడక నేను బెంగ పెట్టుకున్నాను. మనుషుల మీద బెంగ అంటే నలుగురూ ఓదారుస్తారు. టబ్బుల మీద బెంగ అంటే ఎవరు వింటారు?

అందుకని ఇంట్లోనే పట్టాలు వేసుకున్నాను. రెండు వేళ్ల వెడల్పు పట్టాలు. మాకు కంపెనీ ఇచ్చిన క్వార్టరుకు రెండు రూములు, ఒక వంటిల్లు, ముందు ఒక వరండా. రెండో రూంలో ఒక ప్లైవుడ్ బల్ల వేసి, దాని మీద ఒక చిన్న స్టేషను, ఒక వంతెన, గోనెసంచికి సిమెంటు పూసి ఒక గుట్ట. పాత కంప్యూటర్లు విప్పి తెచ్చిన మోటార్లతో రెండు ఇంజన్లు. మొదట బల్ల కిటికీ పక్కన బుద్ధిగా ఉండేది. పదకొండేళ్లలో అది పెరిగి పెరిగి రూం మొత్తం తనదే అన్నది. ఇప్పుడు ఆ రూంలోకి ఎవరు వచ్చినా పక్కకు తిరిగి, పొట్ట లోపలికి బిగబట్టి నడవాలి.

మా ఇంటామెది సిరిసిల్ల. సాంచాల మీద బతికిన కుటుంబం. పవర్‌లూమ్‌లను అక్కడ సాంచాలు అంటారు. ఆమె జాకెట్లు కుడుతుంది. కాలనీ మొత్తంలో ఆమె చేతి కుట్టుకు పేరుంది. ఆ కుట్టు మిషను ఎక్కడుంటుందయ్యా అంటే వరండాలో. ఎందుకంటే రూంలో రైలు ఉంది కదా. ఎండ వస్తే మిషనును ఇటు జరుపుతుంది, వాన వస్తే అటు జరుపుతుంది. పదకొండేళ్లు అట్లాగే జరుపుకుంది. నేనూ చూస్తూనే ఉన్నాను. చూడనట్టు ఉండటం మగవాళ్లకు పెద్ద కష్టమైన పని కాదు.

మా ఇద్దరి మధ్య ఒక గంట భాష ఉంది. బాయిలో హాలేజీ ఆపరేటరుకు టబ్బులు కనిపించవు. అవి ఎక్కడో కింద చీకట్లో ఉంటాయి. అక్కడి మనిషి తీగ లాగితే మన దగ్గర గంట మోగుతుంది. ఇన్నిసార్లు మోగితే గుంజాలి, ఇన్నిసార్లు మోగితే వదలాలి అని లెక్కలున్నా, అన్నిటికన్నా పెద్దది ఒక్క గంట. ఒక్క గంట మోగిందంటే ఆపు. ఎందుకు, ఏమిటి అని అడగడం ఉండదు, ముందు ఆపాలి. టబ్బు కింద మనిషి ఉండొచ్చు. ఈ సంగతి పెళ్లయిన కొత్తలో ఆమెకు చెప్పాను. అప్పటి నుంచి ఆమె స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతుంది. రెండు కొడితే అన్నానికి రమ్మని. ఒక్కటి కొడితే చేస్తున్నది ఆపమని. నేను ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, ఆ ఒక్క దెబ్బకు చెయ్యి దానంతట అదే ఆగిపోతుంది. ఇంకే మాటకూ ఆగనని ఆమె కంప్లైంటు.

ఇట్లా నడుస్తుండగా ఒకరోజు ఫోనులో ఒక వీడియో తగిలింది. ఎక్కడో కొండల దేశం. మా బాయి పట్టాల్లాంటి సన్న పట్టాల మీద ఒక బండి వస్తోంది. దాని ముఖానికి గుండ్రటి డబ్బా, డబ్బాలో మనిషి కన్నా ఎత్తయిన చక్రం, చక్రానికి రెక్కలు. ముందు ఇంటి ఎత్తు మంచు. ఆ చక్రం గిర్రున తిరుగుతూ మంచును కొరుక్కుని, పైనున్న మూతిలోంచి పక్కకు చిమ్ముతోంది. తెల్లటి ధార పైకి లేచి, కొండ అంచు దాటి అవతల పడుతోంది. అన్నం ముందు పెట్టుకుని ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఒక్క గంట మోగితే గానీ ఆపలేదు.

ఆ బండికి ఒక చిత్రమైన గుణం ఉంది. దానిలో ఉన్న బలమంతా చక్రం తిప్పడానికే. తనంతట తాను అంగుళం కూడా ముందుకు పోదు. వెనక ఇంకో ఇంజను నిలబడి తోయాలి. ఈ విశేషం సంబరంగా మా ఇంటామెకు చెప్పాను.

"అచ్చం నీ లెక్కనే ఉన్నది" అన్నది. "ముంగట గిర్ర గిర్ర తిరుగుడు నీది, ఎన్కకెల్లి తోసుడు నాది."

అలాంటి బండి ఒకటి చేసి తీరాలని ఆ రోజే అనుకున్నాను. ఆమెకు ఇంకా చెప్పలేదు. ఆ వారంలోనే పెద్ద వాన పడింది. జల్లు వరండాలోకి కొట్టింది. ఎవరో పెళ్లికూతురి తల్లి ఇచ్చిన పట్టు జాకెట్టు గుడ్డ మిషను మీదే ఉంది. తడిసి రంగు దిగింది. ఆమె ఆ గుడ్డ తెచ్చి నా ముందు పెట్టింది. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేవాణ్ని, అక్కడితో అయిపోయేది.

"గా రూం నాకు గావాలె" అన్నది.

"జర ఆగు. మంచు తోసే బండి ఒక్కటి చేసుకుంట. అది నడిస్తే చాలు, ఇంకేం పెంచ."

"ఎప్పటిదాంక?"

"శివరాత్రి దాంక" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోటికి వచ్చింది.

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. "శివరాత్రి దాటితే పెండ్లిల్లు షురువైతయ్, జాకెట్లు కుప్పలు పడుతయ్. సరే. శివరాత్రి లోపట నీ బండి ఈ గోడకెల్లి ఆ గోడ దాంక, నువ్వు చెయ్యి పెట్టకుంట, మంచు ఎత్తిపోసుకుంట పోవాలె. పోయిందనుకో, ఇగ జన్మల రూం మాట ఎత్త. పోలేదనుకో, నీ రైలు మొత్తం తీసేస్తవ్. ఒక్క పట్టా ఉండద్దు."

"మరి మంచు?"

"అది నీ ఫికర్. కని ఏదో తెల్లగ పోసి మంచు అంటే ఒప్పుకోను. ఫౌజీ అన్న చూసి మంచే అనాలె."

ఫౌజీ అంటే మా లైనులో చివరి క్వార్టరు ఆయన. పటాలంలో చేసి వచ్చి, ఇప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ. కాలనీలో మంచు మీద నడిచిన మనిషి ఆయనొక్కడే. మంచు మాట ఎత్తితే చాలు, ఎడమ చెవి రుద్దుకుంటాడు. ఆ చెవి కొస అక్కడి చలికి మొద్దుబారిందట, ఇప్పటికీ స్పర్శ లేదట. పందెం సంగతి చెప్పి, తీర్పు మీరే చెప్పాలన్నాం. ఆయన కళ్లు మెరిశాయి.

"ఇన్నేండ్లల్ల నన్ను మంచు గురించి ఒక్కడు గూడ అడుగలే" అన్నాడు.

"మంచు ఎట్లుంటది అన్నా?" అని అడిగాను.

"అందరు తెలుపు అంటరు. తెలుపు తర్వాత సంగతి. మంచు పడ్డంక ముందుగాల చప్పుడు సస్తది తమ్మీ. పక్కకెల్లి మనిషి నడిసిపోయినా ఇనరాదు." చెవి రుద్దుకున్నాడు.

నేను తలూపాను గానీ, చప్పుడుతో నాకేం పని అనుకున్నాను. నాకు కావాల్సింది తెల్లగా, పొడిపొడిగా ఎగిరేది ఏదైనా.

బండి చేయడానికి నెల పట్టింది. చాయ్‌పత్తా డబ్బాతో ఒళ్లు, నూనె డబ్బా రేకు కత్తిరించి రెక్కలు, ఎవరో పారేసిన హెయిర్ డ్రయ్యరు మోటారు. పైన చిమ్మే మూతి కిటికీ వైపు తిప్పి పెట్టాను. ఉత్తిగా తిప్పితే ఫ్యాను లాగా రయ్యిమని తిరిగింది. నా మొహం చూసి మా ఇంటామె, "జుట్టుకు రంగేసుకున్న రోజు గూడ గింత సంబురం లేకుండె" అన్నది. నెలకోసారి నేను జుట్టుకు నల్ల రంగు వేసుకుంటాను. అది ఆమెకు ఎప్పుడూ నవ్వులాటే. ముసలితనాన్ని డబ్బాలో పెట్టి మూత పెట్టినవా అంటుంది.

ఇక మంచు. ఇక్కడ నేను బొగ్గుబాయి మనిషి మాత్రమే చేసే తప్పు చేశాను. బాయి లోపల బొగ్గు పొడి మంట అందుకోకుండా, దారుల్లో తెల్లటి రాతిపొడి చల్లుతారు. నేల, గోడలు, పట్టాల పక్కన అంతా తెల్లగా ఉంటుంది. క్యాప్ లైటు వేస్తే మెరుస్తుంది. ఇరవై ఏళ్లు నా పట్టాలు ఆ తెలుపులోనే నడిచాయి. కాబట్టి పట్టాల పక్కన తెలుపు అనగానే నా బుర్రకు తోచింది అదే. ముగ్గుపిండి కూడా రాతిపొడే కదా అని, మా ఇంటామె ముగ్గుపిండి డబ్బా మొత్తం పట్టాల మీద ఒంపాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. బండి వెళ్లి దానిలో ముక్కు గుచ్చి, అక్కడే నిలబడిపోయింది. పొడి లేవనే లేదు. బరువు. వెనక ఇంజను తోస్తోంది, ముందు చక్రం మూలుగుతోంది, మోటారు మాడిన వాసన వస్తోంది. టింగ్ అని ఒక్క గంట మోగింది.

"రేపు వాకిట్ల నీ మంచుతోని ముగ్గెయ్యాల్నా?" అన్నది ఆమె, గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి.

తర్వాత ఇంటర్నెట్‌లో ఇట్లాంటి బొమ్మరైళ్ల వాళ్లు ఒక చోట మాట్లాడుకుంటుంటే, తినే సోడా వాడమని ఎవరో చెప్పారు. ఎక్కడో చలిదేశంలో ఉన్న మనిషి. నేను బజారుకు పోయి సంచిలో పట్టినన్ని సోడా పొట్లాలు తెచ్చాను. దుకాణమాయన, "మిర్చి బజ్జీల బండి పెడుతున్నవా అన్నా?" అన్నాడు. అవునని చెప్పడమే తేలిక అనిపించి అవునన్నాను. ఇప్పటికీ ఆయన బండి ఎక్కడ పెట్టావని అడుగుతూనే ఉన్నాడు. సోడా ఎగిరింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక అడుగు దూరం బండి ముచ్చటగా చిమ్ముకుంటూ పోయింది. మిగతాది రేపు చూద్దామని పడుకున్నాను. మా దగ్గర వానాకాలం గాలికి పాపడాలే మెత్తబడతాయి. పొద్దున చూస్తే సోడా తేమ పీల్చుకుని గట్టిపడింది. ఉలితో చెక్కాల్సి వచ్చింది. ఫౌజీ వచ్చి గోటితో గీకి చూశాడు. "గిది మంచు గాదు తమ్మీ, గచ్చు" అని తీర్పు చెప్పి, చాయ్ తాగి పోయాడు.

వానలు పోయాయి, దసరా పోయింది, చలి మొదలైంది. పత్తి తీతలు వచ్చాయి, సంక్రాంతి కూడా దాటింది. ఆ రోజుల్లో జమ్మికుంట వైపు పోతే దారి పొడుగునా తుమ్మచెట్లకు పత్తి అంటుకుని ఉంటుంది. మార్కెట్‌కు పోయే బండ్ల లోడు కొమ్మలకు రాసుకుని, పీలికలు పీలికలుగా వేలాడుతుంది. నేను బస్సులో పోతూ కిటికీలోంచి అది చూశాను. తెల్లటి కొమ్మలు, తెల్లటి దారి అంచులు. ఇన్నాళ్లూ కళ్ల ముందున్న మంచును వదిలి సోడా కొన్నానే అని నన్ను నేను తిట్టుకున్నాను. దిగి, దారి పక్కన ఒక సంచి నిండా ఏరుకున్నాను.

"పత్తి వద్దు" అన్నది మా ఇంటామె, సంచి చూడగానే.

"ఎందుకు?"

"తిరిగేదానికి పత్తి సూపియ్యద్దు. నా మాటిను."

నేను వినలేదు. తెల్లగా ఉంది, తేలికగా ఉంది, ఇంకేం కావాలి? గింజలు తీసి, విడదీసి, పట్టాల మీద మెత్తగా పరిచాను. స్టేషను కప్పు మీద కూడా కాస్త వేశాను, అందం కోసం. బండిని వదిలాను. చక్రం పత్తిని అందుకుంది. చిమ్మలేదు. చుట్టుకుంది. చుట్టుకుని, మెలి తిప్పి, ఒక పోగు తీసి, ఆ పోగుతో పక్కనున్న పత్తినంతా లాగడం మొదలుపెట్టింది. కళ్ల ముందే పత్తి దారమవుతోంది. స్టేషను కప్పు లేచింది. గుట్ట మీది చెట్లు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి. మోటారు బండిని వెనక్కు గుంజుతోంది. నాకు స్విచ్చు కూడా కనిపించలేదు. టింగ్. నా చెయ్యి దానంతట అదే వెళ్లి స్విచ్చు ఆపింది.

ఆమె లోపలికి వచ్చింది. చక్రానికి చుట్టుకున్న దారాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి, ఎంతో పనితనంగా నలిపి చూసింది.

"జర లావైంది గని, పురి మంచిగెక్కింది" అన్నది. అని, గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మా సిరిసిల్లల ఇన్ని మిషన్లున్నయ్, రైలుతోని నూలు వడికినోన్ని మాత్రం నిన్నే చూసిన."

నాకు కోపం వచ్చింది, సిగ్గు కూడా వచ్చింది. "తెలిస్తే ముందుగాల చెప్పద్దా?" అన్నాను.

"చెప్పిన. నువ్వినలే. పొడుగు పోగుకు తిరిగేది దొరికితే ఊకుంటదా? పురి ఎక్కుతది."

అప్పటికి శివరాత్రి ఇంకా ఎన్నో రోజులు లేదు. రెండు రోజులు కూర్చుని బ్లేడుతో ఆ దారం కోశాను. మోటారు బతికింది గానీ నా ఉత్సాహం చచ్చింది. మూడో రోజు ఒక అట్టపెట్టె తెచ్చి, చెట్లు, స్టేషను, సిగ్నళ్లు ఒక్కొక్కటిగా దానిలో పెట్టడం మొదలుపెట్టాను. ఓడిపోయాక తీయడం కన్నా ముందే తీసుకుంటే కాస్త పరువుగా ఉంటుందని. ఆమె వరండాలో మిషను మీద కూర్చుని చూస్తోంది. రూం తనకు వచ్చేస్తోంది. సంతోషంగా ఉండాలి కదా. మిషను చప్పుడు మాత్రం ఆగిపోయింది. కాసేపటికి ఫోను తీసి తమ్ముడితో మాట్లాడటం వినిపించింది.

"సాంచాల కింద ఊడ్చుతరు గద, గా దుమ్ము. ఆఁ, పారబోసేదే. ఒక సంచి నింపుకొని రా. ఎందుకో నీకెందుకురా, తే అంటే తే."

రెండు రోజులకు ఆయన బస్సులో వచ్చాడు. సంచి పక్కన పెట్టి, "బావా, చెత్త తెమ్మని ఫోన్ జేసిన అక్క లోకంల నాకొక్కనికే ఉన్నది" అన్నాడు. అన్నం తిని మళ్లీ బస్సు ఎక్కాడు. వాళ్ల సాంచాల షెడ్డులో ఆ రోజు పని వదిలి వచ్చాడు.

ఆమె సంచి మూతి విప్పింది. లోపల తెల్లగా, బూడిద కన్నా తేలికగా ఉంది. నేస్తున్నప్పుడు నూలు రాపిడికి రాలే పొట్టి పోగులు, నూలుకు పెట్టిన గంజి పొడి, రెండూ కలిసి సాంచాల కింద పేరుకునేది. ఆమె వంగి కాసేపు అట్లాగే ఉండిపోయింది. వాసన చూస్తోందనుకున్నాను. తర్వాత పిండి జల్లెడ తెచ్చి, నా ముక్కుకూ తన ముక్కుకూ దస్తీలు కట్టి, జల్లించడం మొదలుపెట్టింది.

"గింత పొట్టి పోగుకు పురి ఎక్కది" అన్నది జల్లెడ ఆడిస్తూ. "చుట్టుకోను ఏం లేదు దానికి. గంజి ఉన్నది గనుక అదిమితే నిలబడ్తది, కొడితే లేస్తది."

నేను ఆమె చేతులనే చూస్తున్నాను. ఉండబట్టలేక అడిగాను. "గిది నడిస్తే రూం నీకు రాదు గదా?"

"ఎరుకే."

"మరెందుకు చేస్తున్నవ్?"

జల్లెడ ఆపకుండానే చెప్పింది. "నువ్వు పెట్టె తెచ్చి సదురుతుంటే చూడబుద్ధి గాలే. తిరిగేది ఆగిపోతే నా పాణం ఊకోది. మా ఇంట్ల సాంచె ఆగిందంటే బువ్వ ఆగినట్టే లెక్క."

 పదకొండేళ్లు వరండాలో మిషను అటూ ఇటూ జరుపుకున్న మనిషి, తన రూం తానే పోగొట్టుకోవడానికి జల్లెడ పట్టింది. నాకు నిజంగా సిగ్గేసింది. అయినా ఆగమని అనలేదు. అనాల్సింది. బండి నడుస్తుందన్న ఆశ ముందు ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

శివరాత్రికి ముందు ఆదివారం మధ్యాహ్నం తీర్పు. ఫౌజీ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. కుర్చీ వేశాం. ముందు ఉత్త పట్టాల మీద బండిని ఒకసారి నడిపించి చూపాను. అతుకు అతుకుకీ టకటక, టకటక. బల్ల మొత్తం మోగింది. తర్వాత మా ఇంటామె ఆ తెల్లటి దుమ్మును జల్లెడతోనే పట్టాల మీద రాల్చింది. అది పైనుంచి మెల్లగా, తొందర లేకుండా దిగింది. రెండు వేళ్ల మందం పేరుకుంది. పట్టాలు మాయమయ్యాయి.

"ఇగ షురూ చెయ్" అని ఫౌజీ కళ్లు మూసుకున్నాడు.

"అన్నా, కండ్లు మూసుకుంటే ఎట్ల చూస్తవ్?"

"నువ్వు చెయ్యి తమ్మీ."

నేను కిటికీ పక్కన నిలబడి, ముందుగా తోసే ఇంజను స్విచ్చు వేశాను. వెనక ఇంజను తోసింది, బండి కదిలింది. అప్పుడు నాకూ తెలిసింది. టకటక లేదు. బల్ల మోగడం లేదు. పదకొండేళ్ల నుంచి నేను ఏ చప్పుడు కోసం ఇదంతా కట్టుకున్నానో, ఆ చప్పుడు ఆ తెలుపు కింద మెత్తబడి అణిగిపోయింది. ఫౌజీ ఎడమ చెవి రుద్దుకుంటున్నాడు. కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాడు.

"సచ్చింది" అన్నాడు. "చప్పుడు సచ్చింది. గిది మంచే."

రెండో స్విచ్చు వేశాను, చక్రం మంచును అందుకుంది. మూతిలోంచి తెల్లటి ధార లేచింది. వీడియోలో లేచినట్టే లేచింది, ఒట్టు. అక్కడ కొండ అంచు దాటి పడింది, ఇక్కడ కిటికీ పక్కన నిలబడ్డ నా నెత్తిన పడింది. బండి గుట్ట దాటింది, వంతెన దాటింది, వెనక నల్లటి పట్టాలు శుభ్రంగా బయటపడుతున్నాయి. నేను పొగలో ఉన్నట్టున్నాను, కదల్లేదు. బండి ముక్కు అవతలి గోడకు తగిలి ఆగింది, స్విచ్చులు ఆపాను. ఫౌజీ కళ్లు తెరిచి, కుర్చీలోంచి లేచి, నా బండికి సెల్యూట్ కొట్టాడు.

గెలిచాను! కేక పెట్టాను కూడా. కేక పెట్టి, నెత్తి మీది దుమ్ము దులుపుకోవడానికి చెయ్యెత్తాను.

టింగ్.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బండి ఆగే ఉంది, మోటారు ఆగే ఉంది, ఇంకేం ఆపాలో అర్థం కాలేదు. ఆమె వైపు చూశాను. చేతిలో గ్లాసు, చెంచా. నన్నే చూస్తోంది.

"దులుపకు" అన్నది. "జర అట్లనే ఉండు."

ఫౌజీ ఏమనుకున్నాడో, తర్వాత వస్తానని సైగ చేసి, చెప్పులు చేతిలో పట్టుకుని చప్పుడు కాకుండా బయటికి నడిచాడు.

"మా బాపు అట్లనే వచ్చేటోడు" అన్నది ఆమె. "పొద్దుగూకంగ సాంచాల కాడికెల్లి వస్తే నెత్తంత తెల్లగ ఉండేది. నేను చిన్నగున్నప్పుడు ముసలోడొచ్చిండు, ముసలోడొచ్చిండు అని ఒర్రుకుంట ఎదురు ఉరికేదాన్ని. నల్లా కింద తలకాయ వెట్టి కడుక్కుంటే మల్ల నల్లగ, పడుచుపిలగాని లెక్క. రోజూ అదే ఆట."

నేను చెయ్యి దించలేదు.

"నిజంగ తెల్లబడేదాంక ఉండలే" అన్నది. "ఆ దుమ్మే ఊపిరిల చేరింది. పోయిననాడు ఒక్క ఎంటిక గూడ తెల్లగ లేకుండె."

అన్ని ఏళ్ల కాపురంలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. అడగలేదు కూడా. ఆమె ఏడవలేదు, నాకే ఏడుపు వచ్చింది. ముక్కులో దుమ్ము పోయి తుమ్ము కూడా వస్తోంది. రెండూ బిగబట్టుకుని, ఆమె చాలు అనేదాకా కదలకుండా నిలబడ్డాను.

ఆమె చాలు అన్నాక తల కడుక్కుని వచ్చాను. "రూం నీదే, మాటంటే మాట" అన్నది. వరండాలోకి పోయి మిషను దగ్గర కూర్చుంది. నేను రూంలో నిలబడి పైకి చూశాను. సిమెంటు స్లాబుకు, ఎప్పుడో ఉయ్యాల కోసం వేసిన కొక్కేలు నాలుగు ఉన్నాయి. ఇనుప తాడుతో టన్నుల బొగ్గు గుంజిన మనిషికి, ఒక ప్లైవుడ్ బల్లను పైకి గుంజవచ్చని పదకొండేళ్లు తోచలేదు. తోచాలని ఉంటే కదా. నాలుగు గిలకలు, ఒక తాడు తెచ్చాను. శివరాత్రి నాటికి నా రైలు స్లాబు కిందకు ఎక్కింది, దాని కింద కుట్టు మిషను వచ్చింది. కిటికీ వెలుతురు సరిగ్గా సూది మీద పడుతుంది. పెండ్లి జాకెట్లు ఆ ఏడు ఎండా వానా లేకుండా లోపలే కుట్టింది.

ఇప్పుడు రైలు ఆదివారం ఆదివారం మాత్రమే కిందకు దిగుతుంది. నెలకు ఒక ఆదివారం మంచు పడుతుంది, సంచి ఇంకా సగం ఉంది. ఆ రోజు ముక్కుకు దస్తీ కట్టుకుని, నేను కిటికీ పక్కనే నిలబడతాను. నేను రంగు వేసుకోవడం మానేస్తానని చెప్పాను. వయసు వచ్చింది, ఇంక ఎవరికి చూపించాలి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు ఆ రంగును చూసి నవ్విన మనిషి, మంచు పడే ఆదివారానికి ముందు రోజు తానే గిన్నెలో రంగు కలుపుతుంది, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నా మెడకు పాత గుడ్డ చుట్టి, ఒక్క తెల్ల వెంట్రుక కూడా మిగలకుండా వేస్తుంది.

"నల్లగుంటేనే మంచు మంచిగ కానొస్తది" అంటుంది.